మా అక్క చదివిన తెలుగు

మా ఊరి చుట్టూ ఉన్న సజ్జ చేలల్లో ఇప్పటికీ అక్కడక్కడ గుండ్రటి బిళ్ళలు దారానికి వేలాడుతూ కనిపిస్తాయి. గాలికి తిరిగి ఎండకు తళుక్కుమంటాయి, పిట్టలు బెదిరి పక్క చేలోకి పోతాయి. అవన్నీ నేను పంచిన సీడీలే. మా అమ్మాయికి చెవులు కుట్టించిన రోజున వచ్చినవాళ్ళందరికీ తాంబూలం సంచిలో కొబ్బరికాయ, ఆకు, వక్కతో పాటు ఒక సీడీ కూడా పెట్టాను. కంప్యూటర్‌ను మొత్తంగా నడిపే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. ఎవరికీ దణ్ణం పెట్టకుండా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు, నలుగురికీ పంచొచ్చు. చుట్టాలు కొబ్బరికాయను పచ్చడి చేసుకున్నారు, సీడీని చేలో కట్టారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం నేను ఇన్నేళ్ళు చేసిన సేవకు కళ్ళకు కనిపించే ఫలితం దక్కిన రంగం వ్యవసాయం ఒక్కటే.

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో కాపురముంటూ, అక్కడే ఒక పాలిటెక్నిక్ కాలేజీలో నేను కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. చూసుకోవడమంటే పొద్దున తాళం తీయడం, సాయంత్రం తాళం వేయడం, మధ్యలో ఊడిన వైర్లు మళ్ళీ గుచ్చడం. నెలకొకసారి, రెండో ఆదివారం, బస్సెక్కి విరుదునగర్ పోతాను. అక్కడ ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద మా బృందం కూడుతుంది. బృందమంటే ఏడుగురం. ఒకాయన మాట్లాడతాడు, ఆరుగురం తల ఊపుతాం. సాఫ్ట్‌వేర్ మనిషిని కట్టిపడేయకూడదని తీర్మానించి, కిందికి దిగి నూనె పరోటా తింటాం. తీర్మానానికి ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా పరోటాకు సరిగ్గా సమయానికి వస్తారు. సర్కారు పిల్లలకు పంచిన ల్యాప్‌టాప్‌లలో ఒకప్పుడు మా సాఫ్ట్‌వేర్ కూడా ఉండేది. ఆన్ చేయగానే, ఇది కావాలా, ఆ పెద్ద కంపెనీది కావాలా అని తెర మీద అడిగేది. పిల్లలు ఏది నొక్కారో చెప్పనక్కర్లేదు. అయినా అడగడమంటూ జరిగింది కదా అని మేము ఆ నెల రెండు పరోటాలు ఎక్కువే తిన్నాం.

ఈ ఒక్క పిచ్చీ చాలదని నాకు ఇంకొకటి కూడా పట్టుకుంది. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం. ఎప్పుడో తాతల తాతలు ఇటు వచ్చి ఈ నల్లరేగడిలో నిలిచిపోయారట. గడప దాటితే తమిళం. బడిలో తమిళం, బస్సు బోర్డు మీద తమిళం, మా పెళ్ళిపత్రికలు తమిళం. తెలుగు మా నోటికి తెలుసు, కంటికి తెలియదు. నేను ముప్పై ఎనిమిదో ఏట తిరుపతి బస్టాండులో ఒక వాచకం కొనుక్కుని, ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరగా వేసుకుని అ ఆలు దిద్దాను. ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరివల్లా కాలేదు. ఇప్పుడు ఇది రాయడం కూడా ఆ బడాయిలో భాగమే.

అక్షరాలు రాగానే కంప్యూటర్ తెర మీది మాటల్ని తెలుగు చేసే స్వచ్ఛంద సేవకుల్లో చేరాను. "సేవ్" అనే చోట మా ఇంటి మాట "దాచిపెట్టు" అని రాసి పంపాను. హైదరాబాదు నుంచి ఒకాయన, మీ తెలుగు మా ముత్తాతగారు మాట్లాడినట్టుందండీ అని ఎంతో మర్యాదగా జవాబిచ్చి, దాన్ని "భద్రపరచు" అని దిద్దాడు. ఫైలు దస్త్రమైంది. సెట్టింగులు అమరికలయ్యాయి. నాకు కొంచెం మనసు నొచ్చినా, భాష గౌరవం పెరిగింది కదా అని ఊరుకున్నాను.

ఈ రెండు పిచ్చులూ కలిసి ఒకే రోజున మా అక్క మీద పడ్డాయి.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నాకంటే ఏడేళ్ళు పెద్దది. చిన్నప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయింది ఆమే. నన్ను లోపలికి తోసి, కిటికీ దగ్గర కాసేపు నిలబడి, రెండో ట్రిప్పు వ్యాను హారన్ వినగానే అన్నం సంచి పట్టుకుని పరుగెత్తేది. ఆ వ్యాను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీది. మా వైపు ఫ్యాక్టరీని ఆఫీసు అంటారు. "మా పిల్ల ఆఫీసుకు పోతా ఉండాది" అని పెద్దమ్మ అంటే, బయటి ఊరివాళ్ళు పన్నెండేళ్ళకే గుమాస్తా ఉద్యోగమా అని ఆశ్చర్యపోయేవాళ్ళు. అక్క పని చట్రం గాడుల్లో అగ్గిపుల్లలు పేర్చడం. చూపు ఎక్కడో ఉండేది, నోరు పక్కదానితో మాట్లాడుతుండేది, వేళ్ళు మాత్రం ఒక్క గాడి కూడా తప్పకుండా నింపుకుంటూ పోయేవి.

తర్వాత ఆ పనికి యంత్రాలు వచ్చాయి. వ్యాను దారి మార్చి ఏళాయిరంపన్నై వైపు, పటాసులు కట్టే షెడ్లకు పోవడం మొదలుపెట్టింది. బావ చనిపోయాక కూడా అక్క ఆ వ్యానులోనే పోయింది. ఆ దిక్కు నుంచి ఏదైనా పెద్ద చప్పుడు వినిపిస్తే మా ఊళ్ళో అందరూ ఒకేసారి ఫోన్లు తీస్తారు. అక్క ఫోను ఎప్పుడూ దొరకదు, ఎందుకంటే అందరూ దానికే చేస్తుంటారు. ఆమె సాయంత్రం వ్యాను దిగి, చేతులు కడుక్కుని, ఇంతమంది ఎందుకు ఫోన్ చేశారని మమ్మల్నే తిట్టేది.

రెండేళ్ళ క్రితం మా ఊరి మహిళా సంఘానికి పాల సొసైటీ వదిలేసిన గది దొరికింది. మా కాలేజీవాళ్ళు పక్కన పడేసిన కంప్యూటర్ ఒకటి అడిగి తెచ్చి, బాగుచేసి, మా సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తమిళంలో అమర్చి ఆ గదిలో పెట్టాను. నకళ్ళు తీసే ప్రింటరు కూడా తగిలించాను. అంతకుముందు ఒక కార్డుకు నకలు కావాలన్నా సాత్తూరు బస్సు పట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఊళ్ళోనే అవుతోంది. గదికి ఇంకా పుల్లటి పాల వాసన పోలేదు గానీ, కరెంటు రసీదులు, రేషన్ కార్డు నకళ్ళు, పాస్‌పోర్టు ఫోటోలు అక్కడే వస్తున్నాయి. ఇది విని జిల్లా ఆఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. గదిని ఊరి సేవా కేంద్రంగా గుర్తిస్తారట. జీతమిచ్చి బాధ్యత ఒక మహిళకు అప్పగిస్తారట. ఆమెకు చదవడం, రాయడం వచ్చి ఉండాలి, తనిఖీకి వచ్చే అధికారి ఎదుట మిషన్ నడిపి చూపించాలి.

నలుగురు పేర్లిచ్చారు. ముగ్గురు మా ఊరికి వచ్చిన చదువుకున్న కోడళ్ళు, అందులో ఒకామె డిగ్రీ. నాలుగో పేరు మా అక్క. అప్పటికి ఆమెకు యాభై మూడు. వ్యాను దిగి వచ్చి, సాయంత్రాల్లో ఆ గదిలో కూర్చునేది.

"ఇది నాకి దొరికిందంటే ఆ వ్యాను ఎక్కే పని ఉండదు తమ్ముడా," అంది. "ఇంక ఆడ కూర్చోలేను. రాతిరి కండ్లు మూసుకుంటే సెవులో చప్పుడే."

అక్క ఇంత మాట ఎప్పుడూ అనలేదు. దరఖాస్తు నేనే నింపాను. చదువు అనే గడి దగ్గర ఆగి తల ఎత్తాను. "ఎనిమిది అని రాయి," అంది. రాశాను.

నలుగురికీ నేనే గురువును. గురువునన్నాక పుస్తకం ఉండాలి కదా. పద్నాలుగు పేజీల పాఠం తమిళంలో రాసి, అచ్చు తీసి, తలా ఒకటి ఇచ్చాను. ముగ్గురూ దాన్ని చదివి ఎక్కడో పడేశారు. అక్క మాత్రం కళ్ళకద్దుకుని, పాలిథిన్ కవరులో చుట్టి, రేషన్ కార్డు పక్కన పెట్టుకుంది. నాకు కడుపు నిండిపోయింది. ఆమెకు నేర్పేటప్పుడు మాత్రం చిత్రంగా ఉండేది. ముందుగా సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి నేను నాలుగు మాటలు ఎత్తుకుంటే, "నోరు మూసుకోని ఒకతూరి సేసి సూపీ, మెల్లగా," అనేది. చేసి చూపిస్తే తెర వైపు కాకుండా నా చేతి వైపు చూసేది. తర్వాత తను చేసేది, నాకంటే తొందరగా, ఒక్క తప్పు లేకుండా.

ఒకసారి నేను సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కిస్తే తెర అడుగున వరుసగా ఉండే బొమ్మలు రెండు స్థానాలు పక్కకు జరిగాయి. మిగతా ముగ్గురూ గమనించను కూడా లేదు. అక్క రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు నన్ను పట్టుకుంది. "వంటింట్లో ఉప్పు డబ్బా తీసి చక్కెర డబ్బా తావులో పెడితివి. ఇప్పుడొచ్చి కొత్త వంటిల్లు అంటావా?" అంది. మార్పు అంటేనే స్వేచ్ఛ అని నేను పావుగంట చెప్పాను. ఆమె వినలేదు. పెద్దవాళ్ళు కొత్తదనాన్ని ఒప్పుకోరని మా విరుదునగర్ బృందంలో దీన్ని ఉదాహరణగా కూడా చెప్పాను. ఆరుగురూ తల ఊపారు.

తనిఖీ ఒక సోమవారం అని కబురొచ్చింది. దానికి ఎనిమిది రోజుల ముందు, ఆదివారం సాయంత్రం అందరూ ఇళ్ళకు పోయాక నేను ఒక్కణ్ణే గదిలో మిగిలాను. తెర మీద తమిళం కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ నా మనసులో ఉన్న కోరిక లేచి కూర్చుంది. వీళ్ళు తెలుగువాళ్ళు. నేను తెలుగు చేసిన మాటలు ఈ మిషన్‌లోనే ఉన్నాయి. ఒక్క మీట నొక్కితే చాలు. పొద్దున్నే వచ్చి చూసేసరికి తమ భాష తమ ఎదుట వెలుగుతుంటుంది. వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు కూడా తిరగొచ్చు. ఎనిమిది రోజులు ఉన్నాయి, అలవాటు పడిపోతారు. చదవడం రాదు కదా అన్న చిన్న సంగతి నాకు తట్టకపోలేదు. కానీ సొంత అక్షరాలు కదా, మొహం చూడగానే చుట్టాన్ని గుర్తుపట్టినట్టు ఎలాగో గుర్తుపట్టేస్తారనిపించింది. నేను నేర్చుకోవడానికి ఏడాది పట్టిన సంగతి ఆ ఊపులో మరచిపోయాను.

మొత్తం తెలుగులోకి మార్చాను. ఫోటో తీసి, గ్రామంలో మాతృభాష అని రాసి విరుదునగర్ బృందానికి పంపాను. ఆరు బొటనవేళ్ళు తిరిగి వచ్చాయి. ఆ సంతోషంలోనే ఆఖరి బస్సెక్కాను.

మర్నాడు తొమ్మిదింటికి ల్యాబ్ తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. డిగ్రీ చదివిన కోడలు.

"అన్నా, కంప్యూటర్‌కి ఏమో వచ్చేసింది. అంతా పూచ్చి పూచ్చిగా పాకతా ఉండాది."

మా మాటల్లో పూచ్చి అంటే పురుగు. "పూచ్చి కాదమ్మా," అన్నాను. "అది తెలుగు."

"తెలుగు ఇట్ల ఉంటాదా?" అంది.

ఆ మాట మింగి నేను ఏదో చెప్పబోయేలోపలే, "ఆఫీసరమ్మ వచ్చేది వచ్చే వారం కాదంట అన్నా, ఈ దినమే వస్తాదంట, పదకొండు గంటలకి," అంది. ఫోన్‌లోనే మార్పించేద్దామనుకున్నాను. అమరికలు అని ఒకటి ఉంటుంది, నొక్కు అన్నాను. ఏది అన్నా అమరికలు అంది. అ తో మొదలవుతుంది అన్నాను. అ ఎట్ల ఉంటాది అంది. డిగ్రీ ఉన్న మనిషికి ఫోన్‌లో అ ఎలా ఉంటుందో చెప్పడానికి నేను చాలా ప్రయత్నించాను. పోనీ ఎన్నో వరుసలో ఉంటుందో చెప్పు అంది. నాకు తెలియదు. నేనెప్పుడూ చదువుకుంటూ పోయేవాణ్ణే గాని, ఏది ఎక్కడుందో ఎన్నడూ చూడలేదు. సెలవు పెట్టి బస్సు స్టాండుకు పరుగెత్తాను.

నేను చేరేసరికి గది ముందు జీపు ఉంది. లోపల అధికారి కుర్చీలో కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలు, ఒళ్ళో ఫైలు. ముగ్గురు కోడళ్ళూ గోడవార నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరూ కూర్చుని, తెర వైపు చూసి, ఏది నొక్కాలో తెలియక లేచిపోయారట. తమిళంలో గడగడా చదువుతూ పని చేసేవాళ్ళు, చదవడానికి ఏమీ దొరకక బొమ్మల్లా అయిపోయారు. డిగ్రీ కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఊహించుకున్న నీళ్ళు ఇవి కావు.

"ఇది ఏ భాష?" అని అధికారి నన్ను తమిళంలో అడిగింది.

"తెలుగు మేడం. వీళ్ళ మాతృభాష."

"అలాగా. మరి వీళ్ళెందుకు దాన్ని చూసి భయపడుతున్నారు?"

ఒక్క నిమిషంలో మార్చేస్తానని కూర్చున్నాను. జిల్లా అధికారి, ముగ్గురు కోడళ్ళు, వెనకాల మా అక్క చూస్తుండగా, నేను స్వయంగా తెలుగు చేసిన మాటల్ని ఒకటో తరగతి పిల్లవాడిలా పెదవులు కదుపుతూ కూడబలుక్కున్నాను. చెమట కంట్లోకి కారుతోంది. అమరికలు దొరికింది. ప్రాంతం, భాష కూడా దొరికింది. అప్పుడు అది "సంకేతపదం" ఇమ్మని అడిగింది. సంకేతపదమంటే ఏమిటో నాకు ఎంతకీ తట్టలేదు. పాస్‌వర్డ్‌కు ఆ మాట వద్దని మూడేళ్ళ క్రితం ఆ హైదరాబాదు ఆయనతో వాదించి, చివరికి ఒప్పుకున్నవాణ్ణి నేనే. కంగారులో రద్దు చేయి అన్నదాన్ని నొక్కాను. అంతా మొదటికి వచ్చింది.

అధికారి గడియారం చూసుకుంది. "నేను ఇంకో ఊరికి పోవాలండీ. నాలుగో ఆమె ఉన్నారు కదా, రమ్మనండి. ఆమెకూ రాకపోతే ఈ కేంద్రం పక్క ఊరికి రాసేస్తాను."

అక్క చీర కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చింది. నేను లేచి పక్కకు జరిగాను. ఆ నిమిషంలో నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. చదువుకున్నవాళ్ళే చేయలేనిది ఈమె ఏం చేస్తుంది? రేపు పొద్దున మళ్ళీ అదే వ్యాను, అదే షెడ్డు. ఆమె జీవితంలో ఒక్కటంటే ఒక్కటి అడిగింది, దాన్ని నేను నా సరదాకు పాడుచేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అధికారి తన గుర్తింపు కార్డు తీసి ఇచ్చింది. రెండు వైపులూ ఒకే కాగితం మీద రావాలి, రెండు ప్రతులు కావాలి, ఫైలుకు తన ఫోన్ నంబరే పేరుగా పెట్టి దాచాలి అంది. నంబరు ఒకసారి చెప్పింది.

అక్క తెరను సరిగా చూడను కూడా లేదు. కార్డును ప్రింటరు పైనున్న అద్దం మీద బోర్లించి, అడుగు వరుసలో నాలుగో బొమ్మ నొక్కింది. తెరుచుకున్న దాంట్లో పై నుంచి రెండోది. తర్వాత కుడి పక్క. కార్డు తిరగేసింది. మళ్ళీ పై నుంచి రెండోది. మధ్యలో రెండుసార్లు తెలుగులో ఏదేదో అడుగుతూ పెట్టెలు వచ్చాయి. ఒకసారి కుడి వైపు, ఒకసారి ఎడమ వైపు నొక్కి వాటిని పంపేసింది. ఫోన్ మీద అలవాటైన అంకెలు మాత్రం మీటలు చూసి కొట్టింది, పదీ టకటకా. ఆ వేళ్ళను నేను ఎరుగుదును. చట్రంలో పుల్లలు పేర్చిన వేళ్ళవి. ప్రింటరు గొణిగి, రెండు కాగితాలు కక్కింది. నేను అమరికలు అని చదవడానికి పట్టిన సేపు కూడా పట్టలేదు.

అధికారి కాగితాలు తిప్పి చూసింది. కళ్ళద్దాలు తీసి అక్కను చూసింది. "మీకు తెలుగు చదవడం వచ్చా?"

అక్క ఒక్క క్షణం నా వైపు చూసింది. "మా తమ్ముడు నేర్పించినాడమ్మా," అని తమిళంలో చెప్పింది.

అప్పటికే నాకు అర్థమైపోయింది. ప్రింటరు ఆగినప్పుడే అర్థమైంది. చదివేవాళ్ళందరూ ఆగిపోయిన చోట ఆగకుండా పోయిన మనిషి ఒక్కతే, ఎందుకంటే ఆమె ఎప్పుడూ చదవనే లేదు. నిన్నటి తమిళమూ, ఇవాళ్టి తెలుగూ ఆమెకు ఒకటే.

అధికారి నా వైపు తిరిగి, ఆడవాళ్ళకు మాతృభాష నేర్పించడం చాలా మంచి పని అని మెచ్చుకుంది. ఫైలులో చదవడం, రాయడం అనే గడిలో తమిళం, తెలుగు అని రెండూ రాసింది. కింద శిక్షకుడి సంతకం కావాలంది. నేను పెన్ను పట్టుకుని ఆగాను. గోడవార ముగ్గురు ఉన్నారు. వాళ్ళకు నిజంగా చదువు వచ్చు, నా మూలంగా ఓడిపోయారు. వాళ్ళ మొహాలు చూశాను, అక్క చేతులు చూశాను. రెండు భాషల్లోనూ ఒక్క అక్షరం రాని మనిషి రెండింటిలోనూ పండితురాలని సంతకం పెట్టాను, తమిళంలో. నాకు తెలుగులో సంతకం ఇంకా కుదరలేదు.

జీపు పోయాక కోడళ్ళు కూడా పోయారు. డిగ్రీ కోడలు నాతో నెల రోజులు మాట్లాడలేదు. అది న్యాయమే. తర్వాత అక్కే ఆమె ఇంటికి పోయి, టైపు చేసే పని నువ్వు కాకపోతే ఎవరు చేస్తారని పిలుచుకొచ్చింది. ఆ రోజు మాత్రం గది మెట్ల మీద మేమిద్దరమే కూర్చున్నాం.

"అక్కా, నిన్న వరకు దాంట్లో తమిళం ఉండె కదా. అది సదివే సేసేదానివా?"

"లేదు."

"ఎనిమిది అని సెప్పితివి."

"సున్న అని సెప్పితే నువ్వు సున్న అని రాసుంటావు. నీ కత నాకి తెలీదా."

"మరి నేను రాసిచ్చిన పద్నాలుగు పేజీలు?"

"బద్రంగా పెట్టుండా," అంది, ఏమాత్రం నవ్వకుండా.

నేను చిన్నప్పటి సంగతి ఎత్తాను. నన్ను బడిలో దింపి, నేను ఏడుస్తానేమోనని రోజూ కిటికీ దగ్గర నిలబడేది కదా. మా చుట్టాల్లో నేను ఆ కథ ఎన్నోసార్లు చెప్పాను, మా అక్కకు నేనంటే అంత ప్రాణమని.

"నువ్వు ఏడిస్తే నేను యాల నిలబడతాను? ఏడిస్తే వాద్యారు సూసుకుంటాడు," అంది అక్క. "నేను బోర్డు సూస్తా ఉంటి. దినమూ మొదట అ రాస్తాడు. రాసి, మీ అందరి పలకలూ సూసేదానికి వస్తాడు. మళ్ళీ పోయి రెండోది రాసే లోపల వ్యాను హారన్ కొట్టేస్తాది. రెండేండ్లు సూసినా. నాకి ఆ ఒక్క అచ్చరం మాత్రం తెలుసు."

నాకు సిగ్గేసింది. ఆమె కిటికీ అవతల నిలబడి ఉంటే నేను లోపల పలక మీద బొమ్మలు గీసుకున్నాను. ఊరూరా స్వేచ్ఛ పంచుతూ తిరిగిన మనిషిని, మా పెద్దమ్మ ఇంట్లో ఒకరికి అక్షరం లేదని నలభై ఏళ్ళు చూడలేదు. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? "నేను నీకు తెలుగు నేర్పిస్తాను అక్కా," అన్నాను.

"తెలుగు ఏంటికి? అది నాకి వస్తాది కదా, ఇప్పుడు మాట్లాడతా ఉండేది ఏమి?" అంది. "తమిళ అచ్చరం నేర్పీ. ఒకరి కార్డు ఇంకొకరికి ఇచ్చేస్తే ఏమి సేసేది? పేర్లు సదవాల."

ఆ సాయంత్రమే మిషన్‌ను తమిళంలోకి మార్చాను. సంకేతపదమంటే పాస్‌వర్డ్ అని అప్పటికి గుర్తొచ్చింది. మా ఊళ్ళో తెలుగు తెర బతికింది ఒక్క రోజు. విరుదునగర్‌లో మాత్రం అది ఇంకా బతికే ఉంది. తర్వాతి రెండో ఆదివారం మా బృందం నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టింది. మాతృభాషలో కంప్యూటర్ నడిపి జిల్లా అధికారిని మెప్పించిన గ్రామీణ మహిళ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడాను. నిజం చెబుదామనే లేచాను గానీ, ఆరు తలలు ఊగుతుంటే మనసు రాలేదు. ఆ రోజు పరోటా తినకుండానే బస్సెక్కాను. జిల్లా కాగితాల ప్రకారం మా ఊళ్ళో తెలుగు చదవగలిగిన మహిళ ఇప్పటికీ మా అక్క ఒక్కతే.

ఇప్పుడు రోజూ మొదటి బస్సుకు ఊరికి పోయి, ఒక గంట ఆమె దగ్గర కూర్చుని, ల్యాబ్ తాళం తీయడానికి తిరిగి వస్తున్నాను. మొదటి రోజు నోటుబుక్కు ఇచ్చాను. ఎంత వేగమైన చేతులో, పెన్ను పట్టుకుంటే అంతగా నెమ్మదించాయి. అయినా తమిళ అ నేను చూపించకముందే రాసేసింది, గుండ్రాలూ వంపులూ సరిగ్గా, నాకంటే అందంగా. దాని కింద ఇంకోటి, ఇంకోటి, ఒక వరుస నిండా రాసింది.

అప్పుడు బయట వ్యాను వచ్చింది. మిగతా ఆడవాళ్ళ కోసం అది ఇంకా వస్తూనే ఉంది. డ్రైవరుకు అలవాటు పోక, మా గది ముందు ఆపి గట్టిగా హారన్ కొట్టాడు. అక్క చెయ్యి ఆగింది. కాళ్ళు చెప్పుల కోసం వెతికాయి. వ్యాను ఇంకోసారి హారన్ కొట్టి, కాసేపు చూసి, దుమ్ము రేపుకుంటూ ఏళాయిరంపన్నై దారి పట్టింది. అది మలుపు తిరిగేదాకా అక్క తలుపు వైపే చూసింది.

తర్వాత కాళ్ళు మడిచి సరిగా కూర్చుని, నోటుబుక్కు నా వైపు తోసింది.

"సరి, దీని తరవాత ఏమి అచ్చరం?" అంది.